ఆఫ్రికా దాటిన అల హరికేన్ అవుతుందా, లేదా?

చెన్నైలో కూర్చుని నవంబరులో బంగాళాఖాతం ఉపగ్రహ చిత్రాలు వదలకుండా చూసేవాళ్లు ఆగస్టు, సెప్టెంబరుల్లో అట్లాంటిక్‌ని కూడా చూడాలి. అక్కడి తుపానులైన హరికేన్లు చాలావరకు ఆఫ్రికా నుంచి వచ్చే తూర్పు గాలుల అలల నుంచే పుడతాయి. ఇవి సముద్రపు అలలు కావు, గాలిలో వచ్చే మెలికలు. ఇలాంటి అలలు మనకూ వానలు తెస్తాయి కదా.

సహారా కాగిపోయి ఉంటుంది, దానికి దక్షిణాన పశ్చిమాఫ్రికాలోని గినీ తీరం తేమగా, చల్లగా ఉంటుంది. ఆ తేడావల్ల 3-4 కిలోమీటర్ల ఎత్తున తూర్పు నుంచి పడమరకు బలమైన గాలి ప్రవాహం ఏర్పడుతుంది. అది మెలికలు తిరిగితే పుట్టేవే ఈ అలలు. ఏటా దాదాపు 60 వస్తాయి, హరికేన్లయ్యేవి కొన్నే.

తీరం దాటగానే చాలాసార్లు ఉరుముల మేఘాలు తగ్గిపోతాయి. అంతమాత్రాన అల పోయిందనుకోవద్దు, అందులో గాలి తిరిగే సుడి మిగిలే ఉంటుంది. అందుకే మేఘాలతో పాటు 850 హెక్టోపాస్కల్ గాలుల మ్యాపు, అంటే దాదాపు ఒకటిన్నర కిలోమీటర్ల ఎత్తుది, తీసి చూడండి. ఉపరితలం దగ్గర సుడికి దక్షిణాన పడమటి గాలి కూడా మొదలైతే గాలి సుడి చుట్టూ పూర్తిగా తిరిగి చక్రం మూసుకుంటున్నట్టే.

అల హరికేన్ కావాలంటే సముద్రపు నీరు సుమారు 26.5 డిగ్రీల సెల్సియస్ అయినా ఉండాలి. పై గాలికీ కింది గాలికీ తేడా సెకనుకు 10 మీటర్లు దాటితే మేఘాలు సుడి మీద నిలవవు, పక్కకు కొట్టుకుపోతాయి.

నేనైతే ముందు చూసేది సహారా పొడిగాలి. అది మేఘంలోకి చొరబడితే చినుకులు దారిలోనే ఆవిరైపోతాయి. చల్లబడిన గాలి బరువెక్కి కిందికి దూకి, సముద్రం మీది తేమగాలిని బయటికి నెట్టేస్తుంది. ఉపగ్రహ చిత్రంలో మేఘాల గుంపు నుంచి విల్లులా బయటికి సాగే సన్నటి గీత అదే. ఆ గీత కనిపిస్తే కొన్ని గంటలపాటు అల బలపడడం కష్టం.