78–0

ఆగస్టు 9, 2025, శనివారం

పొద్దున్నే టీ గిన్నెలో నీళ్లు మరుగుతుంటే నాన్న వంటింట్లోకి వచ్చి, "టీ అయిందా అమ్మా?" అన్నారు. గిన్నెలో టీ లేదు, నీలం రంగు రబ్బరు ముక్క తేలుతోంది. అమెరికన్ ఫుట్‌బాల్ ఆడేటప్పుడు మా చిన్నోడు పళ్లకి పెట్టుకునే మౌత్‌గార్డ్. పాతది నమిలి నమిలి పాడుచేశాడు. కొత్తదాన్ని మరిగే నీళ్లలో కాసేపు ఉంచి, బయటికి తీసి, చల్లనీళ్లలో ఇలా ముంచి అలా తీసి, మెత్తగా ఉండగానే పళ్ల మధ్య పెట్టుకుని గట్టిగా కొరకాలి. అప్పుడు వాడి పలువరస అచ్చు దాని మీద పడుతుంది. సింకు దగ్గర నిలబడి, కళ్లు మూసుకుని, దవడ బిగించి మనసులో అంకెలు లెక్కపెట్టుకుంటున్నాడు వాడు. నాన్న ఆ రబ్బరు ముక్కని చేతిలోకి తీసుకుని కిటికీ వెలుతురులో తిప్పి తిప్పి చూశారు. "మా కబడ్డీకి ఇవేవీ లేవురా. లాగు బిగించి కట్టుకోవడం, దిగడం, అంతే" అన్నారు.

వాడు నవ్వాడు. గురువారం నుంచి ఇంట్లో వాడు నవ్వడం అదే మొదటిసారి. వాడు ఆడేది లైన్‌లో, అంటే అవతలివాళ్లకి ఎదురుగా ముందు వంగి నిలబడేవాళ్లలో. గురువారం ప్రాక్టీస్‌లో వాణ్ని మొదటి వరుస నుంచి, అంటే మ్యాచ్‌లో ముందు దిగేవాళ్లలోంచి, రెండో వరుసకి, అంటే వాళ్ల బదులు దిగేవాళ్లలోకి మార్చారు. ఇంటికొచ్చి ఏమీ చెప్పలేదు. అన్నం కలిపి పెడితే సగం తిని లేచిపోయాడు. నేనూ అడగలేదు. పదిహేనేళ్ల పిల్లాణ్ని ఎప్పుడు అడగాలో, ఎప్పుడు అడక్కూడదో నాకింకా సరిగ్గా తెలియడం లేదు.

ఎనిమిదింటికి వాణ్ని గ్రౌండ్ దగ్గర దింపాం. పదకొండున్నర దాకా పని లేదు. నాన్న వచ్చి నెలన్నర అయింది, దేవుడి గుడి, పటేల్ కొట్టు, పార్కు తప్ప ఏమీ చూపించలేదన్న బాధ నాకుంది. "నాన్నా, క్యాంటన్ వెళ్దామా? అరగంట" అన్నాను. "వాడి ఆట పుట్టిన ఊరా?" అన్నారు. ఒహాయో రాష్ట్రంలోని ఆ ఊళ్లో ఆట పుట్టలేదు కానీ, ఆటని నడిపించే లీగ్ పుట్టింది అక్కడే. 1920 సెప్టెంబర్ 17న రాల్ఫ్ హే అనే ఆయన కార్ల షోరూమ్‌లో కొన్ని టీముల వాళ్లు కలిసి కూర్చుని మొదలుపెట్టిందే ఇవాళ్టి ఎన్‌ఎఫ్‌ఎల్, నేషనల్ ఫుట్‌బాల్ లీగ్. కుర్చీలు చాలక కార్ల ఫుట్‌బోర్డుల మీద కూర్చున్నారట. అందుకే ఈ ఆటలో గొప్పవాళ్ల మ్యూజియం, హాల్ ఆఫ్ ఫేమ్, ఏ న్యూయార్క్‌లోనో కాకుండా ఈ చిన్న ఊళ్లో ఉంది, 1963 నుంచి.

నేను నాన్నకి చూపించాలనుకున్నది మాత్రం ఆ మ్యూజియం కాదు, దాని పక్కనున్న స్టేడియం. ఇప్పుడు దాన్ని పూర్తిగా కొత్తగా కట్టి టామ్ బెన్సన్ పేరు పెట్టారు. నాకు మాత్రం అది పాత పేరుతోనే గుర్తు. ఫాసెట్ స్టేడియం. 2009 జూన్ చివర్లో ఈయన ఆఫీసులో ఎవరో టిక్కెట్లిస్తే వెళ్లాం. నాకు అప్పుడు నాలుగో నెల. పెళ్లై అమెరికా వచ్చి ఏడాది కూడా కాలేదు. ఆట అర్థం కాదు, వేవిళ్లు ఇంకా పూర్తిగా తగ్గలేదు, సంచీలో ఉప్పు రాసిన ఉసిరికాయ ముక్కలు పెట్టుకుని వెళ్లాను.

అది జూనియర్ కుర్రాళ్ల వరల్డ్ చాంపియన్‌షిప్, పంతొమ్మిదేళ్ల లోపు వాళ్లకి. ఐఎఫ్‌ఏఎఫ్ అని ఈ ఆటకి అంతర్జాతీయ సమాఖ్య ఒకటుంది, వాళ్లు పెట్టిన మొట్టమొదటి జూనియర్ టోర్నమెంట్ అదే. అంతకు ముందు, 1997 నుంచి 2007 దాకా, ఎన్‌ఎఫ్‌ఎల్ వాళ్లే తమ లీగ్ ఫైనల్ సూపర్‌బౌల్ జరిగే ఊళ్లో, ఆ రోజుల్లోనే, గ్లోబల్ జూనియర్ చాంపియన్‌షిప్ అని ఒకటి నడిపేవారు. పెద్ద పండగ పక్కన చిన్న పందిరిలా ఉండేది. 2009లో ఎనిమిది దేశాలు సొంత పేర్లతో, సొంత జెండాలతో వచ్చాయి. అమెరికా, కెనడా, మెక్సికో, జపాన్, జర్మనీ, ఫ్రాన్స్, స్వీడన్, న్యూజిలాండ్.

మేం చూసింది మొదటి రౌండ్‌లో అమెరికా, ఫ్రాన్స్ మ్యాచ్. స్కోరు 78–0.

నాన్న నడక ఆపేశారు. "సున్నాయా?" అన్నారు.

సున్నాయే. నియమాలు తెలియని నాకు కూడా సగం ఆటయ్యేసరికి గొంతు పట్టేసింది. స్కోరుబోర్డు వైపు చూడ్డం మానేసి, ఫ్రాన్స్ లైన్‌లో ఉన్న ఒక కుర్రాణ్నే చూస్తూ కూర్చున్నాను. నెంబరు గుర్తులేదు. ప్రతిసారీ కిందపడేవాడు. లేచేవాడు. లేచి ఊరుకోకుండా పక్కనున్నవాడి భుజం పట్టి లేపి, హెల్మెట్ మీద తట్టి, ఫ్రెంచ్‌లో ఏదో అరిచి మళ్లీ వచ్చి వంగి నిలబడేవాడు. యాభై పాయింట్లు దాటాక కూడా అలాగే చేశాడు. వాళ్ల ఊళ్లో ఈ ఆట ఎంతమంది ఆడతారు? ఫుట్‌బాల్ అంటే అక్కడ వేరే ఆట కదా. ఎవరూ పట్టించుకోని ఆటని ఏ వీధి చివర మైదానంలోనో నేర్చుకుని, సముద్రం దాటి వచ్చి, ఈ ఆటకి పుట్టిల్లు లాంటి ఊళ్లో, ఆ ఇంటి పిల్లల మీదే ఆడాల్సి వచ్చింది. నా పొట్ట మీద చెయ్యి పెట్టుకుని ఆ పిల్లాడి తల్లి గురించి ఆలోచించాను. ఆవిడ ఈ స్కోరు ఫోన్‌లో వింటుందా, పేపర్లో చూస్తుందా అని.

ఆ టోర్నమెంట్‌లో అమెరికా సెమీఫైనల్లో మెక్సికోని 55–0తో, ఫైనల్లో కెనడాని 41–3తో ఓడించింది. మూడు మ్యాచుల్లో కలిపి వాళ్లిచ్చినవి మూడంటే మూడు పాయింట్లు.

"మరి మొదటి రోజే ఓడినవాళ్లని ఇంటికి పంపేశారా?" అని అడిగారు నాన్న. లేదు. అదే నాకు ఆ టోర్నమెంట్‌లో అన్నిటికంటే నచ్చిన విషయం. ఎనిమిది టీములకీ మూడేసి మ్యాచులు. మొదటి రౌండ్‌లో ఓడిన నాలుగూ తమలో తాము మళ్లీ ఆడతాయి, ఐదో స్థానం ఎవరిది, ఏడోది ఎవరిది అని. 78–0 తర్వాత ఆ పిల్లలకి ఇంకో రెండు మ్యాచులున్నాయి. అంత ఖర్చు పెట్టుకుని వచ్చినవాళ్లని ఒక్క ఓటమితో విమానం ఎక్కించకపోవడం చాలా మంచి పని అని నేను గట్టిగా నమ్ముతాను.

స్టేడియం ఎదురుగా బెంచీ మీద కూర్చున్నాం. తెచ్చుకున్న జంతికలు తింటూ నాన్న చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత ఆయనే మొదలుపెట్టారు. ఇంటర్ చదివే రోజుల్లో తెనాలి నుంచి ప్యాసింజర్ రైల్లో ఒంగోలు వెళ్లి కబడ్డీ ఆడారట. అవతలివాళ్లు వీళ్ల మీద ఐదు లోనాలు పెట్టారు, అంటే ఐదుసార్లు వీళ్ల టీమంతా ఔట్. కూతకి వెళ్లినవాడు వెళ్లినట్టే పట్టుబడిపోయాడు. సాయంత్రం రైలు దాకా ఆ మైదానం పక్కనే చెట్టు కింద కూర్చుని మిగతావాళ్ల ఆట చూశారట. "ఇంకొక్క ఆట ఆడనిస్తే బాగుండు అనిపించిందమ్మా. గెలవడానికి కాదు. ఆ ఆటతోనే ఇంటికెళ్లడం ఇష్టంలేక" అన్నారు. ఈ సంగతి నాకు ఇన్నేళ్లలో ఎప్పుడూ చెప్పలేదు.

నేను ఆయనకి మిగతా కథంతా చెప్పాను. 2012లో టెక్సస్‌లోని ఆస్టిన్‌లో రెండో టోర్నమెంట్. మళ్లీ ఫైనల్లో అమెరికా, కెనడా. కెనడా పిల్లలు తమ దేశంలో ఆడే ఆట వేరు. అక్కడ పన్నెండుమంది, మైదానం 110 గజాలు, బంతిని పది గజాలు ముందుకి తీసుకెళ్లడానికి మూడే అవకాశాలు. ఇక్కడ పదకొండుమంది, 100 గజాలు, నాలుగు అవకాశాలు. అంటే కాళ్లకి అలవాటైన లెక్కంతా మార్చుకుని రావాలి. అలా వచ్చి అమెరికాని అమెరికా గడ్డ మీదే 23–17తో ఓడించారు. మూడేళ్ల ముందు 41–3! ఆ ఏడాది అమెరికన్ సమోవా కూడా ఆడింది. పసిఫిక్‌లో ఎక్కడో ఉన్న చిన్న దీవులు. మన దగ్గర ఒక మోస్తరు పట్టణమంత జనాభా కూడా ఉండదు, కానీ ఎన్‌ఎఫ్‌ఎల్‌కి ఎంతమంది ఆటగాళ్లని ఇచ్చిందో.

2014లో కువైట్. జూలై నెల, పైగా రంజాన్. అక్కడ అమెరికా మళ్లీ గెలిచింది, కెనడా మీదే, 40–17. 2016లో చైనాలోని హార్బిన్, 2018లో మెక్సికో సిటీ. రెండుసార్లూ కెనడాదే కప్పు. కోవిడ్ వల్ల పెద్ద ఖాళీ వచ్చి, మళ్లీ నిరుడు కెనడాలోని ఎడ్మంటన్‌లో జరిగింది, ఈసారి ఇరవై ఏళ్ల లోపు వాళ్లకి. అందులో సెమీఫైనల్లో జపాన్ కుర్రాళ్లు అమెరికాని ఓడించారు. ఆ సంగతి చదివిన రాత్రి ఈయన్ని నిద్రలేపి మరీ చెప్పాను. జపాన్‌లో ఈ ఆట 1934 నుంచి ఉంది, టోక్యోలో కాలేజీ పిల్లలతో మొదలైంది. తొంభై ఏళ్లు ఓపిగ్గా ఆడుకుంటూ వచ్చారు. ఫైనల్లో కెనడా చేతిలో ఓడిపోయారు, అయినా నాకు ఆ సెమీఫైనలే పెద్దది.

"ఆ ఫ్రాన్సు పిల్లాడికి ఇప్పుడెన్నేళ్లుంటాయి?" అన్నారు నాన్న హఠాత్తుగా. ముప్పై అయిదుకి అటూ ఇటూ ఉంటాయి. అతనికీ పిల్లలు ఉండొచ్చు.

పదకొండున్నరకి గ్రౌండ్ దగ్గరికి వచ్చేసరికి చిన్నోడు చెమటతో, గడ్డితో వచ్చి వెనక సీట్లో పడ్డాడు. కారంతా ఆ పులిసిన చెమట వాసన. "ఎలా జరిగింది నాన్నా?" అన్నాను. "ఓకే" అన్నాడు. మామూలు రోజైతే అంతటితో అయిపోయేది. నాన్న వెనక్కి తిరిగి, "ఒరే, రెండో వరుసలో నిలబడేవాడికి ప్రాక్టీసులో ఎదురుగా ఎవరుంటారు?" అని అడిగారు.

వాడు కొంచెం ఆలోచించి, "మొదటి వరుస వాళ్లు తాతయ్యా. రోజూ వాళ్లనే ఆపాలి" అన్నాడు.

"అంటే టీములో అందరికన్నా గట్టివాళ్ల మీద రోజూ ఆడేది నువ్వేనన్నమాట."

వాడేం మాట్లాడలేదు. కానీ ఇంటికొచ్చాక లోపలికి వెళ్లలేదు. భుజాల ప్యాడ్లు విప్పి గ్యారేజీ ముందు ఎండలో ఆరబెట్టి, తాతయ్యకి లైన్‌లో ఎలా నిలబడాలో చూపించడం మొదలుపెట్టాడు. పాదాలు ఎడంగా, నడుము వంచి, ఒక చేతి వేళ్లు నేల మీద ఆనించి, తల పైకి. నాన్న పంచె పైకి మడిచి కట్టుకుని, డెబ్బై రెండేళ్ల మోకాళ్లతో మెల్లగా వంగి వేళ్లు నేలకి ఆనించారు. నేను వెళ్లి పట్టుకోబోతే, "ఉండమ్మా, ఉండు" అన్నారు.

"బరువంతా చేతి మీద వేయకు తాతయ్యా, పడతావు" అంటున్నాడు వాడు. నేను లోపలికొచ్చి పప్పుకి కుక్కర్ పెట్టాను. మూడు విజిళ్లు వచ్చేదాకా వాళ్లిద్దరూ బయటే ఉన్నారు.