గోడ వారగా ఒక ట్రౌట్

రాత్రి షిఫ్టు దిగాక నాలుగు గంటలు పడుకుని, పదకొండుకి అలారం పెట్టుకుని లేస్తాను. ఏప్రిల్ వచ్చిందంటే నాకు ఇదే వరస. ఈ నెల మొదటి వారాల్లో నీళ్లమీదికి పురుగు లేచేది మధ్యాహ్నం పన్నెండుకీ మూడుకీ మధ్యన. ఎండ నడినెత్తికొచ్చి నీళ్లు కాస్త వెచ్చబడాలి కదా. ఆ పురుగు కోసం పైకొచ్చే ట్రౌట్ చేపని పట్టడానికి, ఆ వేళకి నేను ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్ నడిబొడ్డున, కెల్హమ్ ఐలాండ్ అనే పేట దగ్గర, డాన్ నదిలో గాలంతో మోకాలి లోతున నిలబడి ఉండాలి. నిద్ర సంగతి తర్వాత చూసుకోవచ్చు.

ఈ నది పెన్నైన్ కొండల్లో పుట్టి, షెఫీల్డ్, రోథరమ్, డాంకాస్టర్ దాటుకుని గూల్ దగ్గర ఊజ్ నదిలో కలుస్తుంది. మొత్తం 110 కిలోమీటర్లు ఉంటుందేమో. ఉక్కు ఊరి నది కాబట్టి ఊరు ఒలకబోసిందంతా దీని నెత్తినే పడింది. ఫ్యాక్టరీల ఆమ్లాలు, నూనెలు, జనం మురుగు, అన్నీ. ఇరవయ్యో శతాబ్దంలో చాలాకాలం ఊరి దిగువన దీన్లో చేపన్నదే లేదు.

ఆ రోజులకి గుర్తుగా ఒడ్డున అంజూరపు చెట్లున్నాయి. షెఫీల్డ్ ఉన్న ఈ యార్క్‌షైర్ ప్రాంతపు చలిలో అంజూరం గింజ దానంతటది మొలకెత్తడం కష్టం. జనం తిన్న పళ్ల గింజలు మురుగుతో నదిలోకి చేరాయి. ఉక్కును చల్లార్చిన నీళ్లు మళ్లీ నదిలోకే వదలడంతో ఒడ్లు వెచ్చగా ఉండేవి. ఆ వెచ్చదనానికే గింజలు మొలిచి చెట్లయ్యాయి. ఫ్యాక్టరీలు మూతబడ్డాక నీళ్లు చల్లబడ్డాయి. పాత చెట్లు మిగిలాయి, కొత్తవి మొలవడం ఆగింది. నది శుభ్రపడి, మళ్లీ చల్లబడింది కాబట్టే ట్రౌట్ వచ్చింది. దానికి చల్లని నీళ్లే కావాలి, ప్రాణవాయువు దండిగా ఉన్న నీళ్లే కావాలి.

గాలం విప్పేముందు నేనొక రాయి ఎత్తి చూస్తాను. ప్రతిసారీ. అరచేయంత రాయి చాలు. నీళ్లలోంచి తీసి వెనక్కి తిప్పితే మొదట ఏమీ కనపడదు, తడి, పాచి, అంతే. పది సెకన్లు కదలకుండా పట్టుకుంటే రాయి నడవడం మొదలుపెడుతుంది. మినపగింజంత గోధుమరంగు పురుగులు, మూడు తోకలు, పొట్టకి రెండు పక్కలా మొప్పలు. ఇవి ఆలివ్ అనే రెక్కల పురుగు పిల్లలు, పెద్దయ్యాక నీళ్లమీదికి లేచేది ఇవే. రాయికి అంటుకుని ఇసుకరేణువులు పేర్చి కట్టుకున్న చిన్న గొట్టాలుంటాయి, అందులో కాడిస్ పురుగు కాపురముంటుంది. పక్కవాటుగా గెంతే మంచినీటి రొయ్య కూడా ఉంటుంది. రాత్రంతా ల్యాబ్‌లో మైక్రోస్కోపు కింద స్లైడ్లు చూసి వచ్చినవాణ్ణి, అయినా ఈ రాయి చూడటం నాకు విసుగు పుట్టదు. నీళ్లు పాడైతే ముందు పోయేవి ఇవే. రాయి వెనక ఇవి ఉన్నాయంటే పైన చేప ఉంటుంది. చూశాక రాయిని ఉన్నచోటే, ఉన్నట్టే పెట్టేస్తాను.

నాకు చేపలు పట్టడం నేర్పింది మాత్రం ఈ నది కాదు, పక్కనే ఉన్న కాలువ. షెఫీల్డ్ నుంచి టిన్స్‌లీ దాకా పోయే కాలువ, 1819లో తెరిచారు, లాకులతో సహా ఇప్పటికీ ఉంది. ఇంగ్లండ్‌లో మార్చి 15 నుంచి జూన్ 15 దాకా నదుల్లో రోచ్, చబ్, పెర్చ్, గ్రేలింగ్ లాంటి చేపల్ని పట్టకూడదు, గుడ్లు పెట్టే కాలం. చాలా కాలువలకి ఆ అడ్డు లేదు. యార్క్‌షైర్ నదుల్లో బ్రౌన్ ట్రౌట్ కాలం మార్చి 25న మొదలవుతుంది. అందుకని వసంతంలో షిఫ్టు లేని రోజున నాకు పొద్దున కాలువ, మధ్యాహ్నం నది. లైసెన్స్ ఒక్కటే రెండింటికీ పనికొస్తుంది, ఒడ్డు ఎవరిదో వాళ్ల అనుమతి మాత్రం వేరే తీసుకోవాలి.

కాలువ మీద ఒక పెద్దాయన పరిచయమయ్యారు. ఉక్కు పనిలోనే జీవితమంతా గడిపి రిటైరైనవారు. నా బెండు చూసి, అంత లావుదైతే ఈ కాలువలో చేప అనుమానిస్తుందని తన పెట్టెలోంచి అగ్గిపుల్లంతది తీసిచ్చారు. ఎరగా తెల్ల బ్రెడ్ ముక్క, ఇత్తడి పంచ్‌తో కందిబద్దంత బిళ్లలుగా కోసినది. మార్చి నీళ్లు చల్లగా, అద్దంలా ఉంటాయి, చేప అడుగునే నిదానంగా ఉంటుంది, అందుకే చిన్న ఎర. బెండు మునగదు, కొద్దిగా బరువెక్కినట్టు ఆగుతుంది, అంతే. అప్పుడే మణికట్టు తిప్పాలి. వచ్చింది రోచ్, ఎర్రటి కన్ను, వెండి పొలుసులు, పావుకిలో కూడా లేదు. ఆ రోజు నేను పడ్డ సంతోషం చెప్పలేను. తర్వాత పడ్డది పెర్చ్, నల్లచారలది. దాని వీపు మీది ముళ్లు ఎలా పట్టుకుంటే గుచ్చుకోవో కూడా ఆయనే చూపించారు.

ఏడేళ్లుగా ఆయన్ని కాలువ మీదే చూస్తున్నాను. నదికి రమ్మంటే రారు. చిన్నప్పుడు ఆ నీళ్లలో చెయ్యి పెట్టారని వాళ్లమ్మ కొట్టిందట. ఆ భయం ఒంట్లోంచి పోలేదు. పూర్తిగా తప్పు కూడా కాదనుకోండి. ఇప్పటికీ గట్టి వాన పడితే మురుగు పొంగి నదిలోకి వస్తుంది, కొమ్మలకి తడి టిష్యూలు వేలాడుతుంటాయి, చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. వాన వెలిసి నీళ్లు తేరుకునే దాకా నేను దిగను. దిగిన రోజున చేతులు సబ్బుతో కడగనిదే సాండ్‌విచ్ ముట్టను, ఎలుకల మూత్రంతో వచ్చే లెప్టోస్పైరోసిస్ ఊరి నీళ్లలో ఉండేదే. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఈ రెండు మాటలూ గుర్తుపెట్టుకోండి. ఇంటికెళ్లాక బూట్లు, వల పూర్తిగా ఎండబెట్టండి, ఒక నది తెగులు ఇంకో నదికి మొయ్యకుండా.

పోయిన వారం ఆయన్ని ఎలాగో ఒప్పించాను. నీళ్లలో దిగనక్కర్లేదు, బాల్ స్ట్రీట్ వంతెన మీద నిలబడి చూడండి చాలు అన్నాను. వచ్చారు. నేను దిగువన నీళ్లలో, ఆయన పైన పిట్టగోడకి ఆనుకుని.

పన్నెండున్నర దాటాక మొదటి ఆలివ్ కనపడింది. బూడిదరంగు రెక్కలు నిలువుగా ఎత్తి, తెరచాప వేసుకున్న పడవలాగా ప్రవాహం మీద తేలుతూ. తర్వాత మూడు, తర్వాత పది. ఎదురుగా పాత ఫ్యాక్టరీ గోడ, ఇటుకల మీద నల్లమసి ఇంకా ఉంది. గోడ వారగా నీళ్లు ఒక్కచోట మాత్రం చిన్నగా సుడి తిరిగి విచ్చుకున్నాయి. పురుగు మాయం. నిమిషం తర్వాత అక్కడే ఇంకోటి. చేప చోటు మారట్లేదు, ప్రవాహమే దానికి వడ్డిస్తోంది.

పదహారో నంబరు చిన్న గాలం, చేపకి గాయం కాకుండా కొన దగ్గరి ముల్లు ముందే నొక్కేసింది, మీద ఆలివ్ పురుగులా కనపడేలా కట్టిన బూడిదరంగు ఈక. మొదటి రెండుసార్లు దారం ప్రవాహానికి లాగబడి పురుగు పక్కకి జారింది, చేప పట్టించుకోలేదు. మూడోసారి రెండడుగులు ఎగువకి నడిచి, దారం కొంచెం వదులుగా పడేలా వేశాను. ఈకపురుగు ఇటుకల పక్కనుంచి తేలుతూ వచ్చింది. ముక్కు కనపడింది. నోరు మూసేదాకా ఆగి గాలపుకర్ర ఎత్తాను.

చేతి వలలోకి వచ్చేసరికి ముప్పై సెంటీమీటర్లుంటుంది. వెన్నపూస రంగు పొట్ట, పక్కల నల్లచుక్కలు, వాటి మధ్య ఎర్రచుక్కలు, ఒక్కో ఎర్రచుక్క చుట్టూ తెల్లటి అంచు. చేతులు తడుపుకుని, వల నీళ్లలోనే ఉంచి గాలం తీశాను. గాలం తీసే పటకారు స్టెయిన్‌లెస్ స్టీలు. 1913లో హ్యారీ బ్రియర్లీ ఆ ఉక్కును తయారుచేసింది ఈ ఊళ్లోనే. చేపని ప్రవాహానికి ఎదురుగా పట్టుకుంటే మొప్పలు నాలుగైదుసార్లు ఆడించి, నా వేళ్లను ఒక్క తోపు తోసి వెళ్లిపోయింది.

పైకి చూశాను. ఆయన టోపీ తీసి చేత్తో పట్టుకున్నారు. ఎన్నాళ్లనుంచి ఉన్నాయివి ఇక్కడ అని అడిగారు. చాలా ఏళ్లుగా ఉన్నాయని చెప్పాను. దిగువన ఆనకట్టల పక్కన చేపలు ఎక్కే మెట్లు కట్టారని, సముద్రం నుంచి సాల్మన్ కూడా ఊరిదాకా రావచ్చని చెప్పాను. ఆయన విన్నారో లేదో తెలియదు. కళ్లు నీళ్ల మీదే ఉన్నాయి.

నేను దారం చుట్టేస్తుంటే చెయ్యి చాచి వంతెన కిందికి చూపించారు. నేను ఇంతసేపూ గమనించనే లేదు. స్తంభం నీడలో ఇంకొకటి ఉంది, మొదటిదానికన్నా పెద్దది.