పిన్ను చోట మేకు

తాడిపత్రి ఊరి బయట, బండల ఫ్యాక్టరీల వరసలో, ట్రాక్టర్ ట్రాలీలు బాగుచేసే షెడ్డు ఒకటి ఉంది. అక్కడి పెద్దాయన మా బండి ఎడమ చక్రం హబ్బు మూత ఊడదీసి, లోపల్నుంచి ఏదో పీకి నా అరచేతిలో పెట్టాడు. వంకర తిరిగిన మేకు. చెక్కలకు కొట్టే మామూలు రెండంగుళాల మేకు.

"ఏంది సార్ ఇది? చక్రం నట్టు ఊడకుండా ఆపే స్ప్లిట్ పిన్ను ఉండాల్సిన చోట మేకు దూర్చినారు. దీన్ని నమ్ముకొనే కర్నూలు నించి వచ్చినారా?"

నేను నమ్ముకున్నది లోపలి టేకు రంగు లామినేటునీ, నీలంగా వెలిగే సీలింగు లైట్లనీ. తెచ్చుకునే రోజు వంగి చక్రాల కింద చూసిన పాపాన పోలేదు. మాది క్యారవాన్, అంటే చక్రాల మీది చిన్న ఇల్లు: రెండు పరుపులు, చిన్న సింకు, గ్యాసు పొయ్యి, 80 లీటర్ల నీళ్ల ట్యాంకు. ఇంజను ఉండదు, జీపు వెనక తగిలించుకుని లాక్కెళ్లాలి. ఆరున్నర లక్షలు పోసి ఒక వర్క్‌షాపులో చేయించుకున్నాను. ఆ ఊరి పేరు, షాపు పేరు ఎందుకులెండి. ఆరు నెలలుగా ఇంటి ముందు నిలబెట్టి వచ్చిపోయేవాళ్లకు చూపించడమే తప్ప పది కిలోమీటర్లు దాటి తిప్పింది లేదు. నవంబరు చివర్లో రెండో శనివారం కాకపోయినా సెలవు పెట్టి, గండికోటకు బయల్దేరాం. మా బామ్మర్ది బొలెరో, వాడే డ్రైవరు. వెనక సీట్లో మా ఆవిడ, అత్తగారు, మధ్యలో ఆరో తరగతి చదివే మా అమ్మాయి.

ఓర్వకల్లు దాకా బాగానే ఉంది. ఉగ్గాని, బజ్జీ తిని మళ్లీ నలభయ్యో నంబరు హైవే ఎక్కాం. స్పీడు డెబ్బై దాటిందో లేదో, పక్కనుంచి ఒక పెద్ద లారీ దూసుకుపోయింది. ఆ గాలికి వెనక బండి తోక ఊపడం మొదలుపెట్టింది. ముందు కొంచెం, తర్వాత ఇంకా ఎక్కువ. బొలెరో వెనక భాగాన్ని కూడా అటూ ఇటూ ఈడ్చేస్తోంది. మా వాడు బ్రేకు తొక్కలేదు, స్టీరింగు తిప్పలేదు. ఆక్సిలరేటర్ మీంచి కాలు తీసి స్టీరింగు గట్టిగా పట్టుకున్నాడు. స్పీడు యాభైకి పడ్డాక ఊపు ఆగింది. ఎప్పుడో ఊళ్లో చెనిక్కాయల లోడు ట్రాలీ లాగిన అనుభవం అక్కరకొచ్చింది. అత్తగారు మాత్రం "హాయిగా బస్సులో పోయుంటే" అని మొదలుపెట్టి కోటకు చేరేదాకా ఆపలేదు.

బనగానపల్లెలో టీకి ఆగితే ఒక ముసలాయన బండి చుట్టూ తిరిగి, చొక్కా చెయ్యి పైకి మడుచుకుంటూ "ఏమేం టెస్టులు చేస్తారు నాయనా?" అని అడిగాడు. నూటనాలుగు బండి అనుకున్నాడు పాపం. కాదని చెప్పడానికి నాకే మొహమాటమేసింది.

బెలూం గుహలు ఇప్పుడు నంద్యాల జిల్లాలోకి పోయాయి కానీ మాకు ఇప్పటికీ అవి కర్నూలువే. 1884లో బ్రిటిష్ భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ ఈ గుహల గురించి రాశాడు. మొత్తం పొడవు 3,229 మీటర్లు, అందులో మనల్ని పోనిచ్చేది సగం లోపే. లోపల ఉక్క, చెమట. సున్నపురాయిని నీళ్లు లక్షల ఏళ్లు కరిగించి చేసిన దారులవి. బండరాయినే వదలని నీళ్లు ప్లైవుడ్‌ను ఏం చేస్తాయో అప్పటికి నా బుర్రకు తట్టలేదు.

బయటికొచ్చాక మా అమ్మాయి బూటు లేసు కట్టుకోడానికి బండి పక్కన కూర్చుని, చక్రం మధ్యలో చెయ్యి పెట్టి చటుక్కున తీసేసింది.

"నాన్నా, దీనికి జ్వరమొచ్చింది."

కుడి చక్రం గోరువెచ్చగా ఉంది. ఎడమది చెయ్యి పెట్టలేనంతగా కాలుతోంది. ఎండ అటువైపు పడిందిలే అన్నాను. తప్పు నాదే. హబ్బుకు అంత వేడి ఎండ వల్ల రాదు. బ్రేకులు లేని ట్రైలరు కాబట్టి బ్రేకు పట్టేసి కాలిందనుకోవడానికీ లేదు. ఇక మిగిలింది బేరింగే. ఈ లెక్క నాకు తాడిపత్రి పొలిమేరలో, కాలిన గ్రీజు వాసన జీపులోకి వచ్చాక గానీ తెలియలేదు. అసలు తాడిపత్రి మా దారిలోనే లేదు. బుగ్గ రామలింగేశ్వరుణ్ణి చూడాలని అత్తగారు పట్టుబడితే అటు తిరిగాం. ఆవిడ మొండితనం ఆరోజు మమ్మల్ని కాపాడింది. మేం షెడ్డులో ఉండగా ఆడవాళ్లు ముగ్గురూ ఆటో ఎక్కి గుడికి పోయారు. పెన్న ఒడ్డున ఆ గోపురాల మీది చెక్కడాలు చూసే భాగ్యం నాకు ఆ ప్రయాణంలో లేకపోయింది.

పెద్దాయన లోపలి బేరింగు కూడా తీసి చూపించాడు. గ్రీజు జాడ లేదు, రోలర్లు నీలం రంగుకు తిరిగాయి. పైపైన, మూత లోపల మాత్రం ఎర్ర గ్రీజు శుభ్రంగా పూసి ఉంది. చూసేవాడి కోసం పూశారన్నమాట. బేరింగు మీది నంబరు చూసి కుర్రాణ్ణి బజారుకు పంపాడు. రోలర్లున్న లోపలి ముక్క ఒక్కటే తెస్తే చాలదట, హబ్బులో దిగ్గొట్టిన బయటి కప్పు కూడా మార్చాలి. పాత కప్పులో కొత్త రోలర్లు తిరిగితే మళ్లీ ఇదే కథ. కొత్తదాన్ని అరచేతిలో గ్రీజు వేసుకుని అదిమి అదిమి, రోలర్ల సందుల్లోంచి అవతలికి పొడుచుకు వచ్చేదాకా నింపాడు. బిగించడంలోనే అసలు పనితనం ఉంది. చక్రం తిప్పుతూ నట్టు బిగించి, మళ్లీ కొంచెం వదులు చేసి, చక్రం పైనా కిందా పట్టుకుని ఊపి చూసి, అప్పుడు కొత్త స్ప్లిట్ పిన్ను వేశాడు. కుడివైపు కూడా విప్పమన్నాను. అక్కడ పిన్నే ఉంది. అంటే ఆ వర్క్‌షాపులో పిన్ను ఒక్కటే మిగిలిందేమో!

రోడ్డు మీద తోక ఊపిన సంగతి చెబితే ఆయన నవ్వి, బండి ముందు కొక్కెం దగ్గర చెయ్యి వేసి ఒక్కడే పైకెత్తేశాడు. "ఇంత తేలిగ్గా లేస్తే ఊపదా మరి? బరువంతా ఎనక్కి ఏసినారు. ట్రాలీలో బండలు ఎనకాల పేరిస్తే ఇట్లనే ఆడతాది. పక్కన కాటా ఉంది, పోయి చూడుప్పా" అన్నాడు.

బండల లారీలు తూచే కాటా మీదికి మా అలంకారాల బండిని తోసుకుంటూ వెళ్తే అక్కడి హమాలీలకు ఆ పూట సినిమా. జీపు విప్పి బండి మొత్తం ఎక్కిస్తే 940 కిలోలు. ముందున్న చిన్న చక్రాన్ని కాటా బయట నేల మీద ఉంచి, పెద్ద చక్రాలు మాత్రం కాటా మీద ఉంచితే 900. అంటే జీపు కొక్కెం మీద పడుతున్నది 40 కిలోలే. మొత్తం బరువులో పదో వంతు దాకా అక్కడ పడితే బండి వంకలు పోకుండా వెనకే వస్తుందట. దోషి నీళ్ల ట్యాంకు. ఇరుసుకు ఐదడుగులు వెనక, పరుపు కింద పెట్టారు. జాగా కలిసొస్తుందని పెట్టి ఉంటారు. నిండు ట్యాంకు ఖాళీ చేసి మళ్లీ తూచాం. మొత్తం 860, పెద్ద చక్రాల మీద 780. ఇప్పుడు కొక్కెం మీద 80. ట్యాంకు ఖాళీగా పోతే చాలు, బండి బుద్ధిగా ఉంటుంది. కోటలో తాగడానికని కర్నూలు నుంచి మోసుకొచ్చిన నీళ్లు కాటా పక్కన వేపచెట్టు పాదులోకి పోయాయి.

పెద్దాయన కూలీ ఆరువందలే అడిగాడు. మేకు నా దగ్గరే ఉంచుకున్నాను.

జమ్మలమడుగు చేరేసరికి చీకటి పడింది. వెనక లైట్లు పిచ్చి పట్టినట్టు ప్రవర్తిస్తున్నాయని ఒక పాలవ్యాను డ్రైవరు ఆపి చెప్పాడు. ఇండికేటర్ వేస్తే బ్రేకు లైటు కూడా దాంతోపాటు కొట్టుకుంటోంది. రాత్రికి అక్కడే ఆగిపోయి పొద్దున ఆటో ఎలక్ట్రీషియన్‌ను వెతుక్కున్నాం. ఆ అబ్బాయి బల్బుల జోలికే పోలేదు. నేరుగా ఎర్తు వైరు దగ్గరికి పోయాడు. దాన్ని రంగు వేసిన రేకు మీదే స్క్రూ కొట్టి వదిలేశారు. రంగు అడ్డమున్నాక కరెంటు వెనక్కి పోయే దారేదీ? పక్క బల్బులోంచి దూరి పోతోందన్నమాట. రంగు గీకి, బోల్టు వేసి, పదిహేను నిమిషాల్లో ముగించాడు. అతుకులన్నీ మెలిపెట్టి టేపు చుట్టినవేనని, ఇంటికెళ్లాక మొత్తం మార్పించమని చెప్పాడు.

అక్కణ్ణుంచి గండికోట పదిహేను కిలోమీటర్లు. పెన్న లోయ అంచున నిలబడ్డాక రెండు రోజుల చిరాకూ కాసేపు పోయింది. ఎర్రటి రాళ్లను ఎవరో కొలతపెట్టి పేర్చినట్టుంటుంది ఆ గోడ. ఎక్కడా సున్నం లేదు, సీలెంటు లేదు, కదలదు. జామియా మసీదు, పక్కన ధాన్యాగారం, అటువైపు మాధవరాయ స్వామి గుడి తిరిగేసరికి మబ్బు కమ్మింది.

టీ పెట్టుకుందామని గ్యాసు తిప్పేముందు ఎందుకో అనుమానం వచ్చి సబ్బు నీళ్లు కొట్టి చూశాను. లీకు లేదు, కానీ సిలిండరు పెట్టే అర చూస్తే గుండె ఝల్లుమంది. గాలి పోయే జాలీ పైన ఉంది, కింద మూసేశారు. వంటగ్యాసు గాలి కన్నా బరువు. లీకైతే కిందికి దిగి అక్కడే పేరుకుంటుంది. సిలిండరునూ పొయ్యినీ బయటే పెట్టుకున్నాం.

రాత్రి పదకొండుకు వాన. ముందు సరదాగానే ఉంది, రేకు మీద చప్పుడు. తర్వాత చీకట్లో అత్తగారి గొంతు వినిపించింది.

"అల్లుడూ, అక్కడ బుగ్గలో స్వామికి పడినట్టే ఇక్కడ నాకూ పడుతోంది అభిషేకం."

పైకప్పు మధ్యలో గాలి కిటికీ చుట్టూ కారుతోంది. గిన్నెలు పెట్టాం, పరుపు మడిచాం, ఐదుగురం బొలెరోలో కూర్చుని తెల్లారేదాకా గడిపాం. పొద్దున ఎక్కి చూస్తే కిటికీ చుట్టూ సిలికాన్ పైపైన రాసి ఉంది, ఒక అంచు గోటితో లాగితే నాడాలా ఊడొచ్చింది. స్క్రూలు ఇనప ఫ్రేములోకి దిగలేదు, ఉత్త ప్లైవుడ్‌లో నిలబడ్డాయి. బండి కదిలినప్పుడల్లా అవి వదులై నీళ్లకు దారి ఇచ్చాయి. జమ్మలమడుగులో లారీ అద్దాలు అతికించే షాపతను పియు (పాలియురెథేన్) సీలెంటు ట్యూబు ఇచ్చి, పాత సిలికాన్ పొర కొంచెం మిగిలినా దాని మీద ఏదీ అతకదని హెచ్చరించాడు. నేనూ బామ్మర్దీ బ్లేడుతో గీకడానికే రెండు గంటలు పట్టింది. పైన పట్ట కప్పి, తాళ్లు కట్టి, యాభై దాటకుండా కర్నూలు చేరాం. ఆగిన ప్రతిచోటా మా అమ్మాయి దిగి రెండు హబ్బుల మీదా చెయ్యి పెట్టి "జ్వరం లేదు" అని చెప్పేది.

ఇంటికొచ్చాక బండి చేసిచ్చిన వర్క్‌షాపాయనకు ఫోన్ చేశాను. మేకు సంగతి చెబితే "మా దగ్గర మేకులు వాడరు సార్" అన్నాడు. పైకప్పు కారిందంటే మాత్రం వెంటనే అడిగాడు, "వానలో తిప్పారా?" అని.

పైకప్పు రేకు విప్పించాను. కింద ప్లైవుడ్ మూడడుగుల మేర నల్లగా కుళ్లింది. స్క్రూడ్రైవరు పెడితే కేకులో దిగినట్టు దిగింది. ఆరు నెలలు ఇంటి ముందు నిలబెట్టినప్పుడే, చూపించి మురిసిపోతున్న రోజుల్లోనే ఇది తడుస్తూ ఉందన్నమాట. కార్పెంటరు వాటర్‌ప్రూఫ్ ప్లై తెస్తానని పోయి సంక్రాంతి దాటినా తిరిగి రాలేదు. విప్పిన రేకు మిద్దె మీద పరిచి ఉంది. అత్తగారు దాని మీద ఊరమిరపకాయలు ఎండబెట్టుకుంటోంది. మొన్న పైకి వెళ్తే ఒక కాయ విరిచి చూపించి, "బాగా ఎండుతున్నాయి అల్లుడూ, ఇంకో రేకు కూడా విప్పించు" అంది.