డ్వాక్రా సంఘంలో కట్టుబాటు ఎలా పుడుతుంది?

పొదుపు సంఘంలో పది నుంచి ఇరవై మందే ఎందుకు? లాభం కోసం నడిచే బృందం ఇరవై దాటితే రిజిస్టర్ కావాలని పాత కంపెనీల చట్టం చెప్పేది. అది కాగితాల కారణం. అసలు సంగతేంటంటే, ఇరవై లోపైతే గుండ్రంగా కూర్చున్నప్పుడు ఎవరు రాలేదో, ఎవరు తలొంచుకున్నారో అందరికీ కనిపిస్తుంది.

1992లో గ్రామీణాభివృద్ధి బ్యాంకు నాబార్డు 500 సంఘాలను బ్యాంకులతో కలిపే ప్రయోగం మొదలుపెట్టింది. ఆ రోజుల్లోనే నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డారు. 1993 అక్టోబరు 1న అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సారా అమ్మకం ఆగింది. ఆ ఊపులోనే జిల్లాలో రోజుకో రూపాయి దాచే 'పొదుపు లక్ష్మి' పాకింది.

ఒక సంఘం లెక్క చూడండి. 12 మంది, నెలకు తలా 100. ఆరు నెలలకు 7,200. బ్యాంకు అప్పిచ్చే ముందు చూసేది కూడా కనీసం ఆ ఆరు నెలల నడవడినే. ఈ డబ్బును ఖాతాలో పడేసి ఊరుకుంటే సంఘం బలపడదు, లోపలే తిప్పాలి. నూటికి రూపాయి వడ్డీకి ఒకరికి 3,000 ఇస్తే మొదటి నెల వడ్డీ 30. ఎగ్గొడితే పోయేది పక్కన కూర్చున్న వదిన డబ్బు. ఆ మొహమాటమే పూచీకత్తు.

చెడేది ఎక్కడంటే, సమావేశం మానేసి లీడరు ఇంటింటికీ తిరిగి పొదుపు వసూలు చేయడం దగ్గర. సమావేశం తీర్మానాలు రాసే మినిట్స్ పుస్తకం గడప గడపకూ తిరిగి సంతకాలు తెచ్చుకుంటుంది. అప్పు ఎవరికన్నది లీడర్లిద్దరే తేల్చేస్తారు. రెండేళ్లకోసారైనా లీడర్లను మార్చాలి, అప్పుల లెక్క అందరి ముందూ పైకి చదవాలి. చదువురానివాళ్లకు వినడమే తనిఖీ.

మొహమాటానికి రెండో వైపు పదునూ ఉంది. చిన్న అప్పులిచ్చే ప్రైవేటు మైక్రోఫైనాన్స్ కంపెనీలు దాన్నే వాడుకుని, బాకీపడ్డ మనిషి గుమ్మం ముందుకు ఇరుగుపొరుగునే పంపాయి. 2010 అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం తెచ్చిన ఆర్డినెన్సు వారం వారం వసూళ్లను ఆపి, నెలవారీ చేసింది.

2014లో రుణమాఫీ మాట వినగానే గాలి తిరిగింది. చాలా సంఘాలు కిస్తీలు ఆపేశాయి, కట్టేవాళ్లే తెలివితక్కువవాళ్లయ్యారు. 'నేనొక్కదాన్నే కడతా' అని ఓ సభ్యురాలు అన్నా లాభం లేదు. అప్పు ఖాతా సంఘం పేరు మీద ఉంటుంది. కిస్తీ పూర్తిగా పడకపోతే మిగిలిన బాకీ, దాని మీద వడ్డీ, కట్టినామె నెత్తినా పడతాయి.