జిమ్ ట్వీటో ఇక లేరు

అలాస్కాలోని షాక్టూలిక్ దగ్గర నేల విడిచిన సెస్నా 180 అనే చిన్న విమానం పైకి లేవలేక కూలిపోయిందట. అందులో ఉన్నది 'ఫ్లయింగ్ వైల్డ్ అలాస్కా' అనే టీవీ కార్యక్రమంలో కనిపించిన పైలట్ జిమ్ ట్వీటో అని చదవగానే చేతిలో ఫోను అలాగే ఉండిపోయింది. వయసు 68. వెంట ఉన్న వేట గైడు కూడా మరణించాడు.

2011లో డిస్కవరీలో ఆ కార్యక్రమం మొదలైనప్పటి నుంచి ఆయనంటే నాకు ఎంతో ఇష్టం. ఆయన ఊరు ఉనలక్లీట్‌కు బయటి నుంచి రోడ్డు లేదు. సరుకులు, ఉత్తరాలు, మనుషులు అన్నీ చిన్న విమానాల్లోనే. మన పల్లెలకు ఆర్టీసీ బస్సు ఎలాగో వాళ్లకు అవి అలాగ.

టీవీలో చూసిన మనిషి కోసం ఇంత బాధ ఏమిటని ఇంట్లో అడిగారు. నాకైతే ఆయన నటుడు కాదు. కెమెరాలు వెళ్లిపోయాక కూడా అదే ఆకాశంలో ఎగిరారు.

విమానం నడపడం నేర్చుకుంటూ తెరపై కనిపించిన ఆయన కూతురు ఏరియల్ ఎలా తట్టుకుంటుందో.