కలివి, కరవంద, వాక

మహారాష్ట్రలో తెలంగాణ సరిహద్దున ఉన్న సిరొంచ సంతలో మే నెలాఖరుకు ఆకు దొన్నెల్లో పోసి అమ్మే చిన్న నల్లటి పండును మరాఠీవారు కరవంద అంటారు. మా ఇళ్లలో అది కలిమి పండు, కొందరికి కలే పండు, పుస్తకాల్లో కలివి. ఒక ముళ్లపొదకు ఇన్ని పేర్లుండడం వల్ల నష్టమేమీ లేదు. చిక్కల్లా దీనినీ వాక్కాయనూ ఒకటిగా జమకట్టడంతోనే వస్తుంది.

రెండూ కారిస్సా ప్రజాతివే, రెండింటికీ జంట ముళ్లూ, మల్లెలను తలపించే తెల్లని పూలూ ఉంటాయి. అయితే వాక్కాయ పెద్దది, పెరట్లోనూ కంచె వెంబడీ పెంచేది, పుల్లగా ఉండగానే పప్పులోకీ పచ్చడిలోకీ కోసేది. కలివి అడవి పొద. కాయ నల్లబడేదాకా ఓపిక పట్టాలి. తొందరపడి దోరకాయ తెంపితే తొడిమ దగ్గర ఊరే తెల్లని పాలు వేళ్లకూ పెదవులకూ బంకలా పట్టుకుని, నూనె రాస్తే గాని వదలవు. గన్నేరు కుటుంబపు మొక్క మరి!

మహారాష్ట్రలో దీనిని ‘డోంగరచీ కాళీ మైనా’, అంటే కొండల నల్ల గోరింక, అని కేకవేసి అమ్ముతారు. పిల్లలు పండు కొరికి, లోపల ఎర్రగా ఉంటే పుంజు, తెల్లగా ఉంటే పెట్ట అని పందెం వేసుకుంటారు.

ఇన్ని పేర్లలో నేను కలివి వైపు మొగ్గడానికి కారణం ఒక పక్షి. ఈ పొదల నడుమ తిరుగుతుంది కనుక కలివికోడి అనిపించుకున్న ఆ పక్షి 1900 తరువాత ఎవరి కంటా పడక, అంతరించిందనే అందరూ అనుకున్నాక, 1986 జనవరిలో కడప జిల్లాలో మళ్లీ దొరికింది. అందరూ దానిని కడప పక్షిగానే ఎరుగుదురు గాని, పంతొమ్మిదో శతాబ్దంలో గోదావరి లోయలో, భద్రాచలం, సిరొంచ ప్రాంతాల్లోనూ దానిని చూసినట్టు నమోదై ఉంది. మా ఊరివారిలో ఈ సంగతి విన్నవారు నాకు ఇంతవరకూ తారసపడలేదు.

అందుచేత సంతలో కరవంద అనే బేరమాడినా, ఇంట్లో పిల్లలకు కలివి అనే నేర్పుతున్నాను. నాయనమ్మకు మాత్రం ఇది నచ్చలేదు. “కలిమి అంటే ఇంటికి మంచిది గదరా, ఆ కడప మాట మనకెందుకు?” అని ఆమె వాదన.