పాత పిన్‌బాల్ మెషీన్ రిపేరు: ఆగని మోటారు, తగ్గే పాయింట్లు, పోయే ఫ్యూజు

పని ఎంతవరకు వచ్చిందో ముందే చెప్పేస్తాను. స్టార్ట్ బటన్ నొక్కితే స్కోరు చూపించే అంకెల రీళ్లన్నీ సున్నాకి వచ్చి ఆగుతున్నాయి. యాభై పాయింట్ల టార్గెట్ ఇప్పుడు నిజంగానే యాభై ఇస్తోంది. ఎడమ ఫ్లిప్పర్‌కి (బంతిని పైకి కొట్టే రెక్కకి) బలం వచ్చింది. లైట్ల ఫ్యూజు ఒక్కటే ఇంకా సతాయిస్తోంది.

ఇది 1970ల తొలినాళ్లలో చికాగోలో తయారైన సింగిల్ ప్లేయర్ మెషీన్. లోపల ఒక్క చిప్పు ఉండదు, ఎలక్ట్రానిక్ బోర్డు అసలే ఉండదు. 1970ల చివర్లో ఎలక్ట్రానిక్ బోర్డులు వచ్చేదాకా పిన్‌బాల్ అంతా ఇలాగే నడిచింది: రిలేలు (కరెంటుతో లాగే స్విచ్‌లు), కాయిళ్లు (కరెంటిస్తే ఇనుముని లాగే తీగచుట్టలు), పళ్లచక్రాలు, వందలకొద్దీ పలచని బ్లేడ్ స్విచ్‌లు. స్కోరు ఎంతో గుర్తుపెట్టుకునేది రీలు ఆగిన చోటు. ఎన్నో బంతి ఆడుతున్నామో గుర్తుపెట్టుకునేది స్టెప్పర్ యూనిట్ నిలిచిన మెట్టు. జ్ఞాపకమంతా ఇనుములోనే ఉంది కాబట్టి తప్పు ఎక్కడుందో కంటితో చూడొచ్చు, చెవితో వినొచ్చు. నాకు ఈ మెషీన్ల మీద మోజు అందుకే.

ఇలాంటిది చేతికొచ్చినవాళ్లకి అందరూ ఇచ్చే సలహా ఒకటుంది: ముందు కాంటాక్టులన్నీ శుభ్రం చేసెయ్, సగం జబ్బులు వాటంతటవే పోతాయి. నేను ఒప్పుకోను. బాగా పనిచేస్తున్న స్విచ్‌ని గోకినా, బ్లేడు కాస్త వంచినా కొత్త తప్పు పుడుతుంది. అప్పుడు పాత తప్పేదో, మనం పెట్టిన తప్పేదో తేలదు. అందుకే నేరం రుజువయ్యేదాకా ఏ స్విచ్‌నీ ముట్టుకోకూడదని పెట్టుకున్నాను.

కరెంటు, డయాగ్రమ్

కాయిళ్లకి దాదాపు 24 వోల్టుల ఏసీ, బల్బులకి 6 వోల్టుల ఏసీ. వీటితో ప్రాణభయం లేదు. కానీ ట్రాన్స్‌ఫార్మర్ ముందు భాగంలో, ఆన్ స్విచ్ దగ్గర, పెట్టె లోపలుండే సర్వీస్ సాకెట్‌లో పూర్తి మెయిన్స్ కరెంటు ఉంటుంది. మెషీన్‌తో వచ్చింది రెండు పిన్నుల వైరు. దాన్ని తీసేసి ఎర్త్ ఉన్న మూడు పిన్నుల వైరు వేశాకే మిగతా పని మొదలుపెట్టాను. ఉంగరాలు, వాచీ తీసి పక్కన పెట్టాలి. 24 వోల్టులు షాక్ కొట్టకపోయినా రెండు ట్యాగుల (వైర్లు అతికించే లోహపు ముక్కల) మధ్య ఉంగరం ఇరుక్కుంటే ఎర్రగా కాలిపోతుంది. ఫ్యూజులన్నీ తీసి విలువలు చూశాను. ఒకచోట ఉండాల్సినదానికి రెట్టింపు ఆంపియర్లది పెట్టి ఉంది. ఆ ఫ్యూజు సంగతి చివర్లో.

మెషీన్ వైరింగ్ డయాగ్రమ్ కాగితం మడతల దగ్గర పొడిపొడిగా రాలుతోంది. పెద్ద సైజులో కాపీ తీయించి రంగు పెన్సిళ్లు పక్కన పెట్టుకున్నాను. చదవడం కష్టమేమీ కాదు. అటూ ఇటూ రెండు కరెంటు లైన్లు, మధ్యలో నిచ్చెన మెట్లలా అడ్డగీతలు. ఒక్కో గీత మీద కొన్ని స్విచ్‌లు, చివర ఒక కాయిల్. గీత మీదున్న స్విచ్‌లన్నీ కలిస్తేనే కాయిల్ లాగుతుంది. ఒక్క జాగ్రత్త ఏమిటంటే, మెషీన్ ఏ స్థితిలో ఉన్నప్పటి బొమ్మ గీశారో మూలన రాసి ఉంటుంది, ముందు అది చదవాలి. లేకపోతే బొమ్మలో మూసుకున్న స్విచ్ ఎదురుగా తెరిచి కనిపించేసరికి దాన్ని వంచేయాలనిపిస్తుంది.

మోటారు ఆగదు

స్టార్ట్ నొక్కగానే స్కోర్ మోటారు తిరగడం మొదలవుతుంది, రీళ్లు టకటకమని సున్నాకి వస్తాయి, అక్కడితో మోటారు ఆగాలి. నా మెషీన్‌లో రీళ్లన్నీ సున్నా చూపిస్తున్నాయి, మోటారు మాత్రం తిరుగుతూనే ఉంది.

మోటారు ఆగకపోవడానికి రెండే దారులు. మొదటిది, ఏదో ఒక రిలే దానికి ఇంకా కరెంటు ఇస్తుండాలి. రెండోది, మోటారుని హోమ్ పొజిషన్‌లో (తిరగడం ముగిసే చోట) ఆపాల్సిన దాని సొంత స్విచ్ అతుక్కుపోయి ఉండాలి. పవర్ ఉండగానే రిలేల వరస మీద టార్చ్ వేసి చూశాను. రీళ్లని సున్నాకి తెచ్చే రీసెట్ రిలే లాగి పట్టుకునే ఉంది, వదలడం లేదు. అంటే మోటారు నిర్దోషి, దాని హోమ్ స్విచ్ గురించి ఇప్పుడు ఆలోచించక్కర్లేదు. రీసెట్ రిలేని పట్టి ఉంచుతున్నదెవరు అన్నదే ప్రశ్న.

డయాగ్రమ్‌లో ఆ రిలే ఉన్న గీతని వెతికి ఎర్ర పెన్సిల్‌తో దిద్దాను. రిలే ఒకసారి లాగాక తన సొంత కాంటాక్టు గుండానే కరెంటు తీసుకుంటూ నిలబడుతుంది. ఆ దారిలోనే నాలుగు రీళ్ల జీరో స్విచ్‌లు సమాంతరంగా ఉన్నాయి. ఏ ఒక్క రీలు సున్నాకి రాకపోయినా దాని స్విచ్ మూసుకునే ఉంటుంది, రిలే వదలదు. ఒక్కో రీలు పక్కన రెండు జతల బ్లేడులుంటాయి. ఒక జత ఆ రీలు కాయిల్‌కి పల్సులు పంపేది, రెండో జత రీసెట్ రిలేని పట్టి ఉంచేది. రీలు సున్నాకి రాగానే రెండూ తెరుచుకోవాలి. పల్సుల జత తెరుచుకుంటోందని తెలుస్తూనే ఉంది, లేకపోతే రీలు సున్నా దాటిపోయేది. కాబట్టి నాలుగింటిలో ఏదో ఒక రెండో జత తెరుచుకోవడం లేదు.

అది ఏదో తేల్చడానికి విజిటింగ్ కార్డు ముక్కలు చాలు. మోటారు తిరుగుతుండగానే ఒక్కో రీలు రెండో జత మధ్యలోకి ముక్క దూర్చాను. వందల స్థానం చూపించే రీలు దగ్గర దూర్చగానే రిలే టప్‌మని వదిలేసింది, మోటారు మిగిలిన కాస్త దూరం తిరిగి ఆగింది. దొంగ దొరికాడు.

ఇక్కడ చాలామంది చేసేది ఆ బ్లేడు కాస్త వంచి గ్యాప్ పెంచడం. మోటారు ఆగిపోతుంది కూడా. కానీ బ్లేడు వంకర లేదు, కాంటాక్టు నల్లబడలేదు. మిగతా మూడు రీళ్లలాగే ఉంది. టార్చ్ పక్క నుంచి వేసి చూస్తే అసలు సంగతి కనిపించింది. వందల రీలు సున్నా, పక్క సున్నాల కంటే వెంట్రుకవాసి కిందికి ఉంది. కార్డు ముక్క తీసేసి మళ్లీ స్టార్ట్ నొక్కాను. మోటారు తిరుగుతోంది. రీలు అంచు మీద వేలితో కొంచెం పైకి నెట్టాను. టప్.

ఈ రీళ్లలో కాయిల్ లాగినప్పుడు చక్రం కదలదు. కాయిల్ స్ప్రింగుని సాగదీసి కొక్కేన్ని తర్వాతి పన్ను మీదకి తీసుకెళ్తుంది, అంతే. కరెంటు పోయాక స్ప్రింగు వెనక్కి లాగితేనే అంకె మారుతుంది. వందల రీలు విప్పితే కొక్కెం తిరిగే ఇరుసు దగ్గర పాత గ్రీజు ఎండి గోధుమరంగు బంకలా బిగుసుకుంది. స్ప్రింగు ఆ బంకతో పోరాడి చివరి వెంట్రుకవాసి దగ్గర ఓడిపోతోంది. మొదటి జత తెరుచుకునేంత దూరం వస్తోంది కానీ రెండో జత తెరుచుకునేంత రావడం లేదు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో బంకంతా కరిగించి తుడిచి, పొడిగానే బిగించాను. కాయిల్ లోపల కదిలే ఇనుప కడ్డీకి నూనె వేయకూడదు, కొన్నాళ్లకి అదే మళ్లీ బంక అవుతుంది. బలం కోసం స్ప్రింగు కత్తిరించడం కూడా తప్పే. స్ప్రింగు మరీ గట్టిదైతే కాయిల్ దాన్ని పూర్తిగా లాగలేదు. మిగతా మూడు రీళ్ల గ్రీజు వయసూ అదే కదా అని వాటిని కూడా విప్పి తుడిచాను. స్విచ్‌ల జోలికి వెళ్లలేదు.

యాభైకి నలభై

టార్గెట్‌కి బంతి తగిలితే యాభై రావాలి. ఒకసారి నలభై, ఒకసారి ముప్పై, అప్పుడప్పుడు సరిగ్గా యాభై. ఇలా మాట మార్చే తప్పు వస్తే టెన్షన్ మామూలుగా ఉండదు, చూస్తున్నప్పుడు బాగానే పనిచేస్తుంది మరి.

ఇక్కడ చెవి చెప్పింది. పది పాయింట్ల రిలే లాగిన ప్రతిసారీ చైమ్ కొడుతుంది. ఐదు సార్లు మోగి రీలు నాలుగు అంకెలే కదిలితే తప్పు రీలుది. నాలుగే మోగితే ఐదో పల్సు రిలే దాకా రానేలేదు. నాకు నాలుగే వినిపించాయి, కాబట్టి రీలు వదిలేశాను.

యాభై పాయింట్ల రిలే లాగితే మోటారు ఒక విడత తిరుగుతుంది. ఆ విడతలో కామ్ (మోటారుతో పాటు తిరిగే చక్రం) మీది ఐదు మిట్టలు ఒక స్విచ్‌ని ఐదుసార్లు మూస్తాయి. ఆ పల్సులు యాభై రిలే కాంటాక్టు గుండా పది పాయింట్ల రిలేకి వెళ్తాయి. అనుమానం సహజంగా మోటారు స్విచ్ మీదకి పోతుంది. కానీ డయాగ్రమ్‌లో చూస్తే ఐదొందలు ఇచ్చే రిలే కూడా అదే మోటారు స్విచ్ నుంచి పల్సులు తీసుకుంటోంది. ఐదొందలు ఎప్పుడూ తప్పడం లేదు. ఉమ్మడి భాగాలన్నీ ఆ ఒక్క ముక్కతో బయటపడ్డాయి. పది పాయింట్ల రిలే కూడా బాగానే ఉంది, విడిగా పది ఇచ్చే బంపర్లు ఒక్కటీ ఎగ్గొట్టడం లేదు. మిగిలింది యాభై రిలే మీది ఆ ఒక్క కాంటాక్టు.

వేలితో ఆ రిలే ఆర్మేచర్ (కాయిల్ లాగే ఇనుప రేకు) నొక్కి చూశాను. కాంటాక్టులు తాకుతున్నాయి, కానీ తాకి ఊరుకుంటున్నాయి. మంచి స్విచ్‌లో పొడవు బ్లేడు వచ్చి రెండోదాన్ని తాకాక ఇంకాస్త నెట్టుకుంటూ వెళ్లాలి. ఆ నెట్టుడులోనే కాంటాక్టులు ఒకదానిమీద ఒకటి రాసుకుని వాటి మసి అవే తుడుచుకుంటాయి. ఇక్కడ ఆ రాపిడి లేదు, రెండింటి మీదా నల్లని పొర పట్టింది. పవర్ తీసేసి, ఆల్కహాల్ అద్దిన కార్డు ముక్క మధ్యలో పెట్టి, రిలే నొక్కి పట్టుకుని మెల్లగా లాగాను. కార్డు మీద రెండు నల్ల గీతలు పడ్డాయి. పోని మసికి సన్నని కాంటాక్టు ఫైలు వాడాను. గరుకు కాగితం వద్దే వద్దు, దాని రేణువులు వెండి కాంటాక్టులో దిగబడిపోతాయి. ఆ తర్వాత బ్లేడు సర్దే పనిముట్టుతో బ్లేడుని మొదలు దగ్గర పట్టుకుని కొద్దిగా ఒత్తాను. ఇప్పుడు నొక్కితే రెండో బ్లేడు కూడా కదులుతోంది. యాభై నిలకడగా యాభయ్యే.

ఎడమ ఫ్లిప్పర్, బంతి విసిరే కాయిల్

1947కి ముందు ఫ్లిప్పర్లు లేకుండానే పిన్‌బాల్ ఆడేవారు. నా ఎడమ ఫ్లిప్పర్‌తో ఆడితే అది ఎలా ఉండేదో అర్థమైంది. బంతి సగం దూరం వెళ్లి తిరిగొచ్చేది.

ఫ్లిప్పర్ కాయిల్‌లో రెండు చుట్లుంటాయి. బలమైనది కొన్ని ఓములే, పట్టి ఉంచేది అంతకంటే చాలా ఎక్కువ. మామూలుగా మూసుకుని ఉండే ఎండ్ ఆఫ్ స్ట్రోక్ స్విచ్ రెండో చుట్టుని పక్కకి తప్పిస్తుంది కాబట్టి మొదటి దెబ్బ పూర్తి బలంతో పడుతుంది. ఫ్లిప్పర్ పైకి వెళ్లాక ఆ స్విచ్ తెరుచుకుని రెండు చుట్లూ వరసలోకి వస్తాయి, కాయిల్ కాలిపోకుండా ఉంటుంది. పవర్ తీసి మీటర్ పెడితే కుడివైపు కొన్ని ఓముల దగ్గర స్థిరంగా నిలబడింది. ఎడమవైపు అంకె ఊగుతూ పైకి పోతోంది. అంటే దెబ్బ మొదలయ్యేటప్పుడే రెండో చుట్టు అడ్డం పడుతోంది. ఇక్కడి కాంటాక్టులు టంగ్‌స్టన్‌వి, గట్టివి, కార్డు ముక్కకి లొంగవు. ఆకురాయితో గుంతలు పోయేదాకా రాశాను. పూర్తిగా పైకెత్తినప్పుడు గ్యాప్ సుమారు 3 మిల్లీమీటర్లు ఉండేలా సర్దాను. ఈ స్విచ్ అసలు తెరుచుకోకపోతే ఇంకా ప్రమాదం, బటన్ నొక్కి పట్టుకుంటే కాసేపటికి వాసన వస్తుంది.

బంతి కిందపడ్డాక దాన్ని మళ్లీ పైకి విసిరే కాయిల్ కదలకపోతే జంపర్ వైరుతో పట్టుకున్నాను. ఒక కొసకి క్లిప్ పెట్టి కాయిల్‌కి కరెంటు వచ్చే లైన్‌కి తగిలించి, రెండో కొసతో కాయిల్ ట్యాగు నుంచి ఒక్కో స్విచ్ దాటుకుంటూ వెనక్కి వెళ్లడమే. ఎక్కడిదాకా కాయిల్ కొడుతుందో అక్కడిదాకా దారి బాగున్నట్టు. తాకించి వెంటనే తీసేయాలి. ఒక ట్యాగు దగ్గర టంకం చూడ్డానికి బాగానే ఉంది, లోపల వైరు విడిపోయి ఉంది. మళ్లీ టంకం పెడితే సరిపోయింది.

ఫ్యూజు

రెట్టింపు ఆంపియర్లది పెట్టి ఉంది అన్నాను కదా, అది లైట్ల ఫ్యూజే. సరైన విలువది వేస్తే ఆట మధ్యలో పోతోంది. పాతవాళ్లెవరో పెద్దది వేసి ఊరుకున్నారంటే కారణం ఇదే అయ్యుంటుంది. ఎక్కువ కరెంటు తాగే బల్బులేమో అని 44 నంబరువన్నీ తీసి 47 నంబరువి వేశాను. వోల్టేజీ అదే 6.3, కరెంటు 250కి బదులు 150 మిల్లీ ఆంపియర్లు. వేడి తగ్గింది, ఫ్యూజు పోవడం మానలేదు. అంటే ఎక్కడో అప్పుడప్పుడు షార్ట్ అవుతోంది.

షార్ట్ వెతకడానికి ఫ్యూజులు తగలేయనక్కర్లేదు. ఫ్యూజు తీసి, ఆ రెండు క్లిప్పుల మధ్య 6 వోల్టుల బల్బు ఒకటి తగిలించి, ఆ సర్క్యూట్‌లో బల్బులన్నీ పీకేశాను. షార్ట్ లేనంతసేపు ఇది వెలగదు, షార్ట్ అయిన క్షణం పూర్తి కాంతితో వెలుగుతుంది. ప్లేఫీల్డ్ (బంతి తిరిగే పలక) పైకెత్తి ఉంచితే ఎంత కదిపినా వెలగలేదు. కిందికి దించితే వెలిగింది. మళ్లీ ఎత్తితే ఆరింది. దించి కుడివైపు మూల అరచేత్తో నొక్కితే మిణుకుమిణుకుమంటోంది, ఎడమవైపు నొక్కితే ఏమీ లేదు.

ప్లేఫీల్డ్ అడుగున లైట్ల లైను తొడుగు లేని తీగ, చెక్కకి స్టేపుల్ కొట్టి ఉంటుంది. కుడి మూలలో అది ఒక కాయిల్ బ్రాకెట్ పక్కనుంచే పోతోంది. అక్కడే రెండు బల్బు సాకెట్ల ట్యాగులు కూడా కిందికి వంగి ఉన్నాయి, కీలు దగ్గర వైర్ల కట్ట కూడా నలుగుతున్నట్టుంది. ముందు సాకెట్ ట్యాగులు పైకి వంచి పరీక్ష బల్బు చూస్తాను. అప్పటికీ వెలిగితే కీలు దగ్గర కట్ట విప్పాలి. అది తేలేదాకా లైట్ల ఫ్యూజు పెట్టడం లేదు, లైట్లు లేకుండానే ఆడుతున్నాను.